రఘునాథన్ తుండుగుడ్డ మెరుగు

రఘునాథన్ చెప్పులు మరిచిపోతాడేమో గానీ, భుజం మీద తుండుగుడ్డ లేనిదే కాలు బయట పెట్టడు. వాళ్ల నాన్నకు పుదుచ్చేరి బజారులో ఇత్తడి పాత్రల అంగడి ఉండేది. కడిగి ఆరబెట్టిన చెంబైనా సరే, ఆఖరున తుండుతో తుడిచి మెరిపించందే కొనేవాళ్ల చేతికిచ్చేవారు కాదు. అంగడి పోయింది గానీ ఆ అలవాటు కొడుకు వెంట కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు దాకా వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఆయన అక్కడ అటెండరు. ఆయన కడిగిన గాజుకు వంక పెట్టిన మొనగాడు ఇంతవరకు లేడు.

ఆ ల్యాబులో ఇలక్కియ అనే అమ్మాయి ఒక వింత ఉప్పు మీద పరిశోధన చేస్తోంది. అది ఉప్పే, కానీ నీళ్లు కలపకుండా, వేడి చేయకుండా ద్రవంగానే ఉంటుంది. గాజుపలక మీద దాని చుక్క ఎంతవరకు పరుచుకుంటుందో కెమెరాతో కొలవడం ఆమె పని. శుభ్రమైన గాజు మీద అది చతికిలబడాలి. ఈ వారం మాత్రం ప్రతి చుక్కా గుండ్రంగా బిగుసుకుని కూర్చుంది. ఇదేదో ఎవరూ చూడని గుణమని ఇలక్కియ ఉబ్బితబ్బిబ్బయింది. మధ్యాహ్నమే గైడు జగన్నాథన్ గారికి చూపించి, పత్రికకు పంపేస్తానంది.

ఆ మాట వినగానే రఘునాథన్ భుజం మీది తుండు తీసి వాసన చూసుకున్నాడు. సరిగ్గా ఈ వారమే ఆయన తన బట్టతలకు జుట్టు మొలిపించే నూనె పూయడం మొదలుపెట్టాడు. సంగతి భార్య లీలమ్మకు కూడా తెలియదు. ఆమెకు తెలిస్తే వీధంతా తెలిసినట్టే. ఉక్కపోతకు నుదుటి మీదికి కారే ఆ నూనెను తుడుచుకునేది ఈ తుండుతోనే, కడిగిన పలకలకు ఆఖరి మెరుగు పెట్టేదీ దీనితోనే. ఆ నూనె పొర వల్లే చుక్కలు గాజు మీద పరుచుకోవడం లేదన్నమాట. చెబితే తన పరువు పోతుంది, చెప్పకపోతే పిల్ల నలుగురిలో నవ్వులపాలవుతుంది. పన్నెండింటి దాకా ఆయన కడిగిన బీకరునే మళ్లీ మళ్లీ కడిగాడు. నిజంగానే ఏడుపొచ్చింది.

ఇలక్కియ ఫైలు పట్టుకుని లేవగానే వెళ్లి అడ్డం నిలబడ్డాడు.

“పోవాకమ్మా. ఆ గుణం ఉప్పుది కాదు, నా తలకాయది.”

నేల చూపులు చూస్తూ నూనె సంగతంతా చెప్పేశాడు. ఇలక్కియ ముఖం మాడిపోయింది. తుండు తగలని పలక ఒకటి తానే కడిగి ఆరబెట్టి, దాని మీద చుక్క వేసింది. అది హాయిగా చతికిలబడింది. అప్పుడామె రఘునాథన్ తుడిచిన నలభై పలకలనూ ఒక్కొక్కటిగా వెలుతురుకెత్తి పట్టుకుంది. ఏం వెతుకుతున్నావమ్మా అని ఆయన భయంభయంగా అడిగాడు.

“వారంగా వీటికీ పూస్తా ఉండారు కదా మామా, యాడైనా ఒక వెంట్రుక మొలిచిందా అని చూస్తా ఉండా. ఒక్కటీ లేదు. ఆ సీసా పారేయండి, అత్తకు నేను చెప్పనులే.”