మూఢంలో కొన్న నిస్సాన్

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. దశరథ్ విషయంలో సామెత తిరగబడింది. ఆలూ ఉంది, చూలూ ఉంది, లేనిదల్లా కారే. ఆ లేని కారుకు టర్బోలు ఏవి వేయాలో, బ్రేకులు ఏవి మార్చాలో, సైలెన్సరు ఎంత చప్పుడు చేయాలో అన్నీ తేల్చేసుకుని కూర్చున్నాడు మహానుభావుడు. ఐదు వందల గుర్రాల బలం ఉండాలి. అయినా పెరుగు డబ్బా కోసం వీధి చివరిదాకా వెళ్లడానికి పనికిరావాలి. జపాన్‌వాడు చేసిన రెండు తలుపుల కారే కావాలి. ఇంతవరకూ స్పష్టమే. వాటిలో ఏ కారు అన్న దగ్గరే బండి ఆగిపోయింది.

కరీంనగర్ నుంచి జర్మనీలోని పాడర్‌బోర్న్‌కు చదువుకోవడానికి వచ్చిన కొత్తలో దశరథ్ ఓ పెట్రోలు బంకులో కార్లు కడిగేవాడు. ఓ ఆదివారం అక్కడికి పాత జపాన్ కారొకటి వచ్చింది. కడిగి తుడిచి పంపించాక, అది మలుపు తిరుగుతూ చేసిన చప్పుడు విని, తడి గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ తర్వాత జిండెల్ఫింగెన్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం వచ్చింది, అక్కడే ఉండి పనిచేసుకోవడానికి బ్లూ కార్డు వచ్చింది, కావ్యశ్రీతో పెళ్లయింది. పగలంతా ఊళ్లోవాళ్ల కార్లకు తెలివి నేర్పి, సాయంత్రం తన డొక్కు కారులో దగ్గుకుంటూ ఇంటికొచ్చేవాడు. అత్తరు అమ్మేవాడి ఇంట్లో అగరొత్తి లేనట్టు.

కరోనా వచ్చి అందరినీ ఇళ్లల్లో కూర్చోబెట్టాక ఈ పిచ్చి ముదిరింది. వంటగది బల్ల మీద ఒక పక్క ఆఫీసు లాప్‌టాప్, ఇంకో పక్క అమ్మకానికున్న కార్ల ఫోటోలు. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న అఖిలేష్‌తో రోజూ ఫోన్లు. ఇద్దరూ పాడర్‌బోర్న్‌లో ఒకే గదిలో ఉండి, ఒకే కుక్కర్‌లో వండుకుని తిన్నవాళ్లు. అఖిలేష్‌ది గుంటూరు.

"టయోటా సుప్రా అయితే ఎంత బలం పెట్టినా ఇంజిన్ తట్టుకుంటదిరా," అనేవాడు దశరథ్.

"తట్టుకుంటది ఇంజిన్. ఆ రేటు మనం తట్టుకోవద్దూ?"

ఆ మాట నిజమే. ఊరికే ఇంట్లో కూర్చున్న జనానికి పాత కార్ల మీద మోజు పుట్టి, సుప్రా ధర ఆకాశానికెక్కి కూర్చుంది. సరే, మాజ్దా ఆర్ఎక్స్-7 అన్నాడు. దాని ఇంజిన్ కొత్తల్లుడి లాంటిది, ఎప్పుడు ఎందుకు అలుగుతుందో తెలియదు అని భయపడి మానేశాడు. నిస్సాన్ 300జెడ్ఎక్స్ అయితే రెండు టర్బోలు పుట్టుకతోనే ఉన్నాయి. కానీ బానెట్ కింద వేలు దూరే సందు ఉండదు. ఇవన్నీ ఒక ఎత్తు, ట్యూవ్ తనిఖీ ఒక ఎత్తు. ఈ దేశంలో కారుకు ఏది మార్చినా వాళ్లు చూసి ఒప్పుకుని కాగితాల్లో ఎక్కిస్తేనే అది రోడ్డెక్కాలి. అంత బలం పెంచి, వాళ్లను ఒప్పించడమంటే తల ప్రాణం తోకకు రావడమే. వారానికో కారు మనసులో కొని, వారానికో కారు మనసులోనే అమ్మేస్తూ దశరథ్ విసిగిపోయాడు. అతనికన్నా ముందే కావ్య విసిగిపోయింది.

"నాకు మే నెలల డేట్ ఇచ్చిండ్రు," అంది ఒకరోజు, పొట్ట మీద చేయి వేసుకుని. "ఏం కొంటవో అంతలోపు కొను. బిడ్డ పుట్టినంక రెండు తలుపుల కారు మాట ఎత్తితే ఊకోను. చెప్తున్న."

గడువంటూ పడ్డాక మనిషికి చురుకు పుట్టింది. ఫిబ్రవరిలో, బ్లాక్ ఫారెస్ట్ వైపు ఓ పల్లెలో 300జెడ్ఎక్స్ దొరికింది. బ్రెన్నర్ అనే పెద్దాయనది. పెద్ద టర్బోలు, పెద్ద బ్రేకులు అన్నీ ఆయనే వేయించి, కాగితాల్లో కూడా ఎక్కించి పెట్టాడు. దశరథ్ మాస్కుతో వెళ్లి, అద్దాలు దించుకుని నడిపి చూశాడు. మూడో గేరులో కాలు నొక్కగానే వీపు సీటుకు అంటుకుపోయింది. ఇన్నేళ్లూ దేనికోసం వెతుకుతున్నాడో అదే ఇది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడి, చలిగాలికి అని చెప్పాడు.

"శనివారం వచ్చి తీసుకెళ్లు," అన్నాడు బ్రెన్నర్.

నోటిదాకా వచ్చిన ముద్ద అది. అక్కడ అడ్డం పడింది మూఢం. గురు మూఢం పోయిందో లేదో శుక్ర మూఢం మొదలైంది. శుక్రుడు సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనబడని ఆ రోజుల్లో పెళ్లి చేయరు, ఇంట్లో పాలు పొంగించరు, బండి కొనరు. ఆ ఏడాది అది మే నెల దాకా సాగింది. దశరథ్‌కు ఎవరూ చెప్పలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఫోన్‌లో పంచాంగం తనే చూసుకున్నాడు, తనే బెదిరాడు. కడుపుతో ఉన్న భార్యను పెట్టుకుని మూఢంలో బండి కొని, ఏదైనా జరగరానిది జరిగితే? ఆ ఆలోచన వచ్చాక ఇక నిద్ర లేదు. యంత్రాలకు లెక్కలు నేర్పే మనిషి గ్రహాల దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బ్రెన్నర్‌కు శుక్రుడి గొడవ ఎలా చెప్పాలి? మే దాకా ఆగమని మాత్రం అడిగాడు. ఈస్టర్ దాటితే వేరేవాళ్లకు ఇచ్చేస్తానని ఆయన తెగేసి చెప్పాడు. దశరథ్ గోడకు తల కొట్టుకున్నంత పనిచేశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా తనే అయ్యాడు.

ప్రయాణానికి రోజు బాగాలేకపోతే ముందే ఓ సంచి పక్కింట్లో పెట్టి, ప్రస్థానం అయిపోయిందనిపించుకునే జాతి మనది. గోడ అడ్డమైతే సందు వెతకడం ఉగ్గుపాలతో వచ్చిన విద్య. దశరథ్‌కూ సందు దొరికింది.

"అరే అఖీ, నువ్వు పట్టించుకోవు గదా ఇసొంటివి. పైసలు నేను పంపుత. నీ పేరు మీద కొని నీ దగ్గర పెట్టుకో. మూఢం పోంగనే నా పేరు మీదికి మార్చుకుంట."

అఖిలేష్ పగలబడి నవ్వాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. సర్లే, నీకోసం కాకపోతే ఎవరికోసం చేస్తాను?" అన్నాడు. రైలెక్కి వచ్చి, కాగితాల మీద తన సంతకం పెట్టి, కారు తీసుకుని డ్యూసెల్‌డార్ఫ్ వెళ్లిపోయాడు.

ఏప్రిల్‌లో అఖిలేష్‌కు కరోనా పట్టుకుంది. జ్వరం, ఆయాసం. ఒంటరి మనిషి, మందులు కూడా పొరుగువాళ్లు గుమ్మం ముందు పెట్టిపోయేవారు. దశరథ్ రోజూ ఫోన్ చేశాడు. కారు మీద కవర్ కప్పావా, బ్యాటరీ దిగిపోకుండా చూస్తున్నావా అని అడిగాడు. ఎలా ఉన్నావు అని కూడా అడిగాడు.

మూఢం పోయింది. కావ్యకు ఇంకా నెప్పులు రాలేదు. మంచి రోజు చూసుకుని, సంచిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, కుంకుమ పెట్టుకుని దశరథ్ పొద్దున్నే రైలెక్కాడు. గెలిచాననే అనుకున్నాడు. కారు దక్కింది, గడువూ దాటలేదు.

అఖిలేష్ తలుపు తీశాడు. మనిషి సగమయ్యాడు. రెండు మెట్లు దిగి ఆగాడు, గోడ పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. కింద కడిగి, తుడిచి పెట్టిన కారు తళతళలాడుతూ ఉంది. దశరథ్ నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెట్టబోయాడు.

"ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు," అన్నాడు అఖిలేష్. "మూఢంలో కొంటే చెడు జరుగుద్దని నిజంగానే నమ్ముతావా నువ్వు?"

"నమ్మకమంటే... మనోళ్లు అంటరు గదరా."

"నమ్మబట్టేగా ఆగావు. మరి నన్నెట్టా కొనమన్నావు?"

"నీకు ఇవన్నీ పట్టింపు లేదు గదా, అందుకని..."

"నాకు లేదు. నీకుందిగా! నీకు తగలకూడదనుకున్నది నాకు తగిలినా పర్లేదనుకున్నావు. పడుకున్నన్నాళ్లూ ఇదే తిరిగింది బుర్రలో. జబ్బు కారు వల్ల వచ్చిందని నేననట్లేదు మావా. నేను నమ్మను. కానీ నువ్వు నమ్ముతావు."

అలా అనుకోలేదురా అని చెప్పడానికి దశరథ్ నోరు తెరిచాడు. కానీ అనుకున్నాడు. ఆ రోజు ఫోన్ చేసే ముందు, వాడికి పెళ్లాం లేదు, కడుపులో బిడ్డ లేదు, ఏదైనా అయితే వాడొక్కడేగా అని ఒక్క క్షణం అనుకున్నాడు. అనుకున్నట్టు తనకైనా తెలియనివ్వకుండా అనుకున్నాడు.

"కారు నువ్వే ఉంచుకోరా," అన్నాడు చివరికి.

"నాకెందుకు? తీసుకెళ్లు. మూఢం పోయిందిగా." తాళం చేతిలో పెట్టి, అఖిలేష్ మెల్లగా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆ వేసవికి దశరథ్ ఇంటి ముందు ఐదు వందల గుర్రాలున్నాయి. కూతురూ పుట్టింది. పాపను తొట్టెల్లో వేసే రోజు వచ్చింది. ఆంక్షలు ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కువమందిని పిలవడానికి లేదు. పిలిస్తే అఖిలేష్‌నే పిలవాలి అంది కావ్య. దశరథ్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా అటునుంచి ఎత్తలేదు.

"ఫోన్లెందుకు? పోయి తోలుకరా," అంది కావ్య, పాపను భుజాన వేసుకుని జోకొడుతూ. "గంత ఫాస్టు కారుంది గదా."

దశరథ్ తాళం తీసుకుని కిందికి దిగాడు. కారు తలుపు తీశాడు, లోపల కూర్చున్నాడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టి, ఈ కారులో వాడి గుమ్మం ముందు దిగి ఏ మొహంతో బెల్లు కొట్టాలి అనుకున్నాడు. తర్వాత దిగి, తలుపు వేసి, స్టేషన్‌కు నడిచి వెళ్లి డ్యూసెల్‌డార్ఫ్‌కు టికెట్ కొన్నాడు.