ఏడు ముళ్ళ కొంగు

రాయగడలో మా ఇంట్లో మంచం కింద ఉన్న ఇనప్పెట్టె తెరిస్తే ముందు కర్పూరం వాసన వస్తుంది. అడుగున, పాత శాలువా మడతలో, నిమ్మకాయంత ఎర్రగుడ్డ మూట ఒకటి ఉంటుంది. విప్పి చూస్తే అందులో ఏమీ ఉండదు, కర్పూరం ఎప్పుడో ఆవిరైపోయింది, కానీ ఆ గుడ్డ మాత్రం ఇన్నేళ్ళూ వాసనని వదల్లేదు. మొన్న మా అబ్బాయి ఫోన్లో చూసి, కేదారం బదరీ వెళ్ళేవాళ్ళు ఊపిరి ఆడకపోతే కర్పూరం వాసన చూడాలట అమ్మా అని పెద్ద కనిపెట్టినట్టు చెప్పాడు. నేను పెట్టె తీసి ఆ మూట వాడి ముక్కు దగ్గర పెట్టాను.

అది మా మామ్మది, అంటే మా నాన్నని కన్నతల్లిది. అప్పుడు మేం మాచ్‌ఖండ్‌లో ఉండేవాళ్ళం, నాన్న పవర్‌హౌసులో షిఫ్టు ఆపరేటరు. కాలనీ కొండ మీద, పవర్‌హౌసు కింద లోయలో ఏటి పక్కన, రెంటికీ మధ్య పట్టాల మీద తాడు లాగితే ఎక్కీ దిగే వించి. మంచు పట్టిన పొద్దుల్లో ఆ వించి బండి మబ్బులోకి దిగిపోతుంటే, కూర్చున్నవాళ్ళ తలలు ఒక్కొక్కటే మాయమయ్యేవి. సంతరోజు కొండ ఊళ్ళ ఆడవాళ్ళు మోసుకొచ్చే అనాసపళ్ళ వాసన, చలికాలం ప్రతి ఇంటి ముందూ చోడి అంబలి కాగే వాసన, వానాకాలం నెలల తరబడి ఆరని బట్టల ముక్కవాసన, ఇవన్నీ దాటుకుని పట్టాల గ్రీసు వాసన మా ఇళ్ళలోకి వచ్చేది. పట్టాల పక్కనే, వించి చెడిపోయిన రోజు కోసం, నిలువునా మెట్లుండేవి. అవెన్నో ఎవరూ సరిగ్గా చెప్పలేరు, దిగినప్పుడు ఒక లెక్క, ఎక్కినప్పుడు ఒక లెక్క వచ్చేది.

మా కాలనీవాళ్ళకి మనిషి ఆరోగ్యం తెలియాలంటే డాక్టరక్కర్లేదు, ఆ మెట్లు చాలు. జ్వరం పడి లేచినవాడు మళ్ళీ మెట్లెక్కితేనే లేచినట్టు. సాలూరు నుంచి పెళ్ళిచూపులకి వచ్చిన ఒక పెళ్ళికొడుకుని సరదాకని కిందికి తీసుకెళ్ళి, వించి చెడిందని చెప్పి మెట్లెక్కించిన ఘనులు మావాళ్ళు. పాపం అతను సగంలో కూర్చుండిపోయాడని ఆ సంబంధం వదులుకున్నారు కూడా. ఇంత నమ్మకం కాబట్టే, బదరీయాత్ర అనుకున్నప్పుడు యాత్రకి ఎవరు పనికొస్తారో తేల్చేదీ ఆ మెట్లే అయ్యాయి. అక్కడి కొండల మీద గాలే పల్చన అనీ, మా మెట్లు దాన్ని కొలవలేవనీ మాలో ఒక్కరికీ తట్టలేదు. కొండ మీద కాపురం ఉంటున్నాం, మాకు కొండలు కొత్తా అని ధీమా.

ఆ యాత్రకి పెద్ద నాన్నే. అంతకు ముందు వెళ్ళిన జట్టులో ఒకావిడ దారిలో కూలబడి, మిగతావాళ్ళందరూ దర్శనం కాకుండానే ఆవిణ్ణి మోసుకుని దిగొచ్చారట. అందుకని నాన్న ఈసారి ఖచ్చితంగా ఒక నియమం పెట్టాడు. పవర్‌హౌసు నుంచి కాలనీ దాకా మెట్లెక్కాలి, మధ్యలో మూడుసార్లకు మించి ఆగకూడదు, ఆగితే పేరు కొట్టేస్తాడు. పన్నెండు పేర్ల కాగితం మా వరండాలో గోడకి అంటించి ఉండేది. సోమవారం ఆ కాగితం టిక్కెట్లకి కోరాపుట్ స్టేషనుకి వెళ్ళాలి. ఆదివారం నాటికి పదకొండు మంది ఎక్కేశారు. మిగిలింది మామ్మ ఒక్కర్తే.

మామ్మకి ఆ కొండలు ఎందుకు కావాలో ఇంట్లో అందరికీ తెలుసు. తాతయ్య ఒకసారి ఒక్కడే వెళ్ళొచ్చాడు. వచ్చినవాడు ఆ మంచుకొండల గురించి చెప్పి చెప్పి, ఈ కర్పూరం మూట ఆమె చేతిలో పెట్టి, మళ్ళీసారి నిన్ను తీసుకెళ్తానన్నాడు. ఆ మళ్ళీసారి రాకుండానే ఆయన పోయాడు. నాన్న యాత్ర మాట ఎత్తిన రోజు నుంచీ మామ్మ ముఖమే వేరు. కాలనీ ఆడవాళ్ళంతా మా వరండాలో కూర్చుని ఉన్ని టోపీలు అల్లుతుంటే ఆమె మధ్యలో కూర్చుని సున్నుండలు చుట్టేది, దారికి అటుకులు వేయించి డబ్బాలకెత్తేది, నా స్కూలు అట్లాసులో నాన్న గీసిన ఎర్రగీతని వేలితో తడుముతూ హరిద్వారం ఎక్కడ, జోషీమఠం ఎక్కడ అని నన్ను పదేపదే అడిగేది. రాత్రి పక్కలో ఆమె రొమ్ములోంచి వచ్చే సన్నటి ఈల నాకొక్కదానికే వినిపించేది. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. నేను విన్నానని ఆమెకి తెలుసు. ఎవరికీ చెప్పనని కూడా తెలుసు.

ఆదివారం పొద్దున నాన్నకి డ్యూటీ. తల్లి విషయంలో తను సాక్షిగా ఉంటే నలుగురూ నవ్వుతారని, పదేళ్ళదాన్ని నన్ను పెట్టాడు. నా గౌను జేబులో ఎప్పుడూ ఆటకి చింతపిక్కలుండేవి. ఆగినప్పుడల్లా ఒక పిక్క ఇంకో జేబులో వేసుకోమన్నాడు. ముగ్గురం వించిలో దిగాం. మెట్ల దగ్గర వదిలి పవర్‌హౌసులోకి వెళ్ళబోతూ నా తల మీద చెయ్యేసి, "నువ్వు అబద్దం సెప్పవమ్మీ, నాకు తెలుసు," అన్నాడు. ఆ మాట నన్ను మెట్ల పొడుగునా వెంటాడింది.

మామ్మ మొదటి మలుపు దాకా బాగానే ఎక్కింది. తుప్పల్లో పిట్టలు కూస్తున్నాయి, రాతి సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, నేను హుషారుగా రెండేసి మెట్లు దాటుతున్నాను. అక్కడ ఒకసారి ఆగింది. కాసేపటికి మళ్ళీ ఆగింది. ఆగిన ప్రతిసారీ నాకు వీపు తిప్పి కొంగుతో ఏదో సర్దుకునేది, ముఖం తుడుచుకుంటోందనుకున్నాను. మూడో పిక్క జేబులో వేసేసరికి పైకి చూస్తే ఇంకా సగం కూడా కాలేదు. అప్పటి నుంచి నాకు రెండు భయాలు. ఆమె ఆగితే యాత్ర పోతుంది. ఆగకపోతే ఇక్కడే ఏమైనా అయిపోతుంది. ఆగమని చెప్పడానికీ నోరు రాలేదు, నడవమని చెప్పడానికీ రాలేదు. నాలుగోసారి ఆగినప్పుడు ఆమె నా వైపు చూడలేదు. ఆరోసారి రాతి మీద కూర్చుని ఈ ఎర్రమూట తీసి ముక్కుకి అదుముకుంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. పక్కన పట్టాల మీద వించి బండి కింది నుంచి పైకి పోతుంటే అందులోని ఎవరో చెయ్యి ఊపారు, మామ్మ కూడా నవ్వుతూ చెయ్యి ఊపింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. బండి కనుమరుగయ్యాకే లేచింది. ఏడోసారి, కాలనీ ఇళ్ళు కనబడుతుండగా, నా భుజం పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది.

ఇంటికొచ్చాక ఆమె చాప మీద పడుకుంది. నేను పెరట్లోకి వెళ్ళి, ఏడు పిక్కల్లోంచి నాలుగు తీసి, అరటిచెట్ల వెనక తుప్పల్లోకి విసిరేశాను. తర్వాత మధ్యాహ్నం దాకా అన్నం సయించలేదు.

రెండింటికి నాన్న షిఫ్టు దిగాడు. వరండా అంతా యాత్రవాళ్ళతో నిండిపోయింది. నాన్న కుర్చీలో కూర్చుని, గోడ మీది కాగితం తీసి ఒళ్ళో పెట్టుకుని నన్ను పిలిచాడు. గుప్పిట తెరిచాను. మూడు పిక్కలు. నాన్న ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. పెన్సిలు తీసి మామ్మ పేరు పక్కన గీత పెట్టబోతున్నాడు, అప్పుడే మామ్మ లోపలి నుంచి గోడ పట్టుకుంటూ వచ్చింది. వచ్చి, తన కొంగు తెచ్చి ఆ కాగితం మీద పరిచింది. దానికి వరసగా ముళ్ళున్నాయి. నాన్న వాటినీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఏడుసార్లు ఆగేను నాయినా," అంది మామ్మ. "పిల్ల నా మీద పేనంతోటి తక్కువ సెప్పింది. దాన్నేటీ అనకు."

ఉన్ని అల్లే సూదులు ఆగిపోయాయి. నాన్న, నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేదమ్మా అన్నాడు. వెళ్ళనివ్వాలనే ఉంది ఆయనకి, ఆ మాటలోనే తెలిసిపోయింది.

"మన మెట్లకి అబద్దం సెప్పీగలం," అంది ఆవిడ. "ఆ కొండకేటి సెప్తాను?"

నాన్న పేరు కొట్టేశాడు. పెన్సిలు ఒత్తుకి కాగితం చిరిగింది.

నాకు ముందు సిగ్గేసింది, ఆ వెంటనే మామ్మ మీద విపరీతమైన కోపం వచ్చింది. ఆమె కోసమే చేశాను, ఆమే నలుగురిలో నన్ను బయటపెట్టిందని ఏడుస్తూ వంటింట్లో మూల కూర్చున్నాను. ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు. పక్కన చతికిలబడి కొంగు నా ఒళ్ళో పడేసి, ముళ్ళు చెమటకి తడిసి బిగిసిపోయాయని చూపిస్తూ, "నీ గోళ్ళు సన్నంగుంటాయి, నువ్విప్పమ్మీ," అంది. ఏడుస్తూనే ఏడూ విప్పాను. ఆ తర్వాత పదకొండు మందికీ పదకొండు కర్పూరం మూటలు తనే కట్టి, తన సున్నుండలన్నీ వాళ్ళ డబ్బాల్లో సర్ది, జీపు మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడింది. వాళ్ళు తిరిగొచ్చి మంచు గురించి చెప్తుంటే ఒక్క ప్రశ్న కూడా వదలకుండా అడిగింది. ఆ కొండలు చూడకుండానే పోయింది. చాలా ఏళ్ళ దాకా, నా అబద్ధాన్ని ఆమె వృథా చేసిందనే అనుకున్నాను.

ఇప్పుడా కాలనీలో మా వరస ఇళ్ళకి తాళాలే మిగిలాయట, మెట్ల సందుల్లో గడ్డి మొలిచిందట, చెడిన వించి కోసం మెట్లెక్కేవాళ్ళు లేరట. వరండాలో కాగితం అంటించి పేర్లు రాసే యాత్రలూ లేవు. అంతా ఫోనులోనే. ఇప్పుడు నేను వెళ్దామనుకుంటున్న బదరీయాత్రకి నా పేరు, వయసు, ఫోటో మా అబ్బాయే నింపాడు. ఊపిరికి సంబంధించిన ఇబ్బంది ఉందా అని అడిగిన చోట లేదు అని నొక్కేశాడు. చలికాలం నా రొమ్ములో మోగే ఈల వాడు వింటూనే ఉంటాడు.

"ఎవలు సూడొచ్చేరమ్మా," అన్నాడు. "నువ్వెల్లాలి కదా."

నిన్న పొద్దున రాయగడ స్టేషనులో మెట్ల వంతెన ఎక్కి దిగొచ్చాను. కట్టింది చీర కాదు, కొంగు లేదు, చున్నీయే తెచ్చి వాడి ముందు పరిచాను. నాలుగు ముళ్ళు. అంత చిన్న వంతెనకి నాలుగు. వాడు వాటిని చూశాడు, ఫోను తీసి, లేదు అన్న చోట ఉంది అని మార్చాడు. వాళ్ళు రమ్మంటారో వద్దంటారో ఇంకా తెలియదు. ముళ్ళు బాగా బిగిసిపోయాయి, నా గోళ్ళకి లొంగలేదు. చున్నీ వాడి ఒళ్ళో పడేసి విప్పమన్నాను.