వంశవృక్షంలో చోటు దొరకని పేరంటాలు

రిటైరయ్యాక మా పెదనాన్నకి రెండు జబ్బులు వచ్చాయి. ఒకటి షుగరు, రెండోది వంశవృక్షం. షుగరుకి మాత్రలున్నాయి.

టెక్కలిలో ఆఫీసు సూపరింటెండెంటుగా ఉన్నన్నాళ్ళూ ఆయనకి వంశం గుర్తురాలేదు. సంతకం కోసం జనం చేతులు కట్టుకుని నిలబడుతుంటే తాతలతో పనేముంటుంది? కుర్చీ పోయింది, నమస్కారాలు తగ్గాయి. కాశీబుగ్గ బజార్లో ఎవరూ ఆగి పలకరించకపోయేసరికి ఆయన గోదావరి ఒడ్డుకు వెళ్ళి పూర్వీకుల్ని తెచ్చుకున్నాడు. మాది అక్కడి రాజుల దగ్గర దివాన్లుగా చేసిన వంశమట. ఆధారం ఏమిటంటే, అక్కడ ఒక ఊళ్ళో మా ఇంటిపేరువాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఈయనకి కాఫీ ఇచ్చారు, గుడికి చందా తీసుకున్నారు. దాంతో చుట్టరికం ఖాయమైపోయింది. మా తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అనే రకాన్ని చాలామందిని చూశాను గాని, పక్కవాళ్ళ తాతల నెయ్యి తెచ్చి మూతికి పూసుకున్న మనిషిని ఈయన్నే చూశాను.

మా జిల్లాలో ఏ బస్సెక్కినా ఊరి పేరు చివర వలస అని రాసి ఉన్న బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. మనుషులు ఎక్కడెక్కడినుంచో వచ్చి ఆగినచోటల్లా ఊళ్ళయ్యాయి. రావివలస మల్లికార్జునుడికి పెదనాన్న ఏటా దణ్ణం పెట్టుకుని వస్తాడు గాని, ఆ ఊరి పేరు గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించి ఉండడు. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఎదురైతే మాత్రం, వలసొచ్చినవాళ్ళతో ఊరు పాడైపోయిందని మూతి విరుస్తాడు.

నిజానికి మాది రంగం వెళ్ళి వచ్చిన కుటుంబం. రంగం అంటే రంగూన్. ఒకప్పుడు ఈ తీరం నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళి బతికినవాళ్ళు ఊరూరా ఉన్నారు. మా ముత్తాత అలాగే వెళ్ళాడు. మా తాత అక్కడే పుట్టాడు. యుద్ధంలో బాంబులు పడితే అడవుల్లోంచి నడిచి తిరిగొచ్చారు. ఇంతవరకు ఇంట్లో అందరికీ తెలుసు. తాతని కన్నతల్లి ఎవరో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. దారిలో చనిపోయిందని ఒక్క ముక్క అని ఊరుకునేవారు.

ఆవిడే మా ఇంటి పేరంటాలు. ముత్తైదువగా పోయిన ఇంటి ఆడమనిషిని మావైపు పేరంటాలని కొలుస్తారు. ఇంట్లో పెళ్ళి వస్తే ముందుగా వెనక గదిలో గోడకి పసుపు పూసి, బొట్లు పెట్టి, కొత్త చీర, అన్నం ఆవిడ ముందు పెట్టాలి. ఆ చీర ఇంటి ఆడపడుచు కట్టుకోవాలి. అది జరిగితే గాని పెళ్ళికొడుకుని చెయ్యరు.

మా ఇంట్లో ఆ చీర కట్టుకునేది మా మేనత్త, పెదనాన్న చెల్లెలు. ఆమె బడి మొహం చూడలేదు, వంశం మీద మోజూ లేదు. ఆమె అడిగేది ఒక్కటే.

"మా నాన్నమ్మ పేరేటి? బతికున్నోళ్ళే పేరెట్టి పిలిత్తే గాని పలకరు. సచ్చిపోయినావిడ ఎలా పలుకుతాదే?"

చిన్నప్పుడు వాళ్ళ నాన్నని అడిగితే ఆయన లేచి బయటికి వెళ్ళిపోయేవాడట. తర్వాత అడగడం మానేసింది గాని బెంగ పోలేదు. ఇప్పుడు తనకీ వయసైపోయింది, ఆ పేరు తెలియకుండానే పోతానేమోనని భయం. అన్నయ్య ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాడు కదా, ఆ ఒక్క పేరూ తెచ్చిపెడతాడని ఆశపడింది. ఆయన దివాన్లను తెచ్చాడు.

నేను పలాసలో టీచర్ని. ఫోన్లో తెలుగు టైపు చేస్తానని పెదనాన్న నన్ను వెంట తిప్పుకునేవాడు. ఒకరోజు భావనపాడు వెళ్ళాం. రంగం నుంచి మావాళ్ళతో కలిసి నడిచొచ్చిన కుటుంబం ఒకటి అక్కడ ఉంది, చేపల వేట మీద బతుకుతారు. రంగంలో మావాళ్ళు ఎంత దర్జాగా బతికారో వాళ్ళ నోటితో చెప్పించి వీడియో తీయించాలని ఈయన ఎత్తు. ఎండుచేపల వాసనకి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఇంటి పెద్దాయన నవ్వుమొహం మనిషి. కొడుకులు బోట్ల మీద పనికి గుజరాత్ వలసపోయారని అడక్కుండానే చెప్పాడు. తర్వాత మా సంగతికొచ్చాడు.

"దర్జా ఏటుంది బాబూ? మీ తాతా మా తాతా ఒక్క మిల్లులోనే బియ్యం మూటలు మోసినారట. మీ నాయనమ్మ బరమా మనిసి కదా. మావోళ్ళకి పురుళ్ళన్నీ ఆవిడే పోసిందని సెప్పుకునీవోరు."

పెదనాన్న ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాడు. వాళ్ళిచ్చిన టీ ముట్టుకోకుండా లేచాడు.

కారెక్కాక అడిగాను. "ఆవిడ బర్మా ఆవిడని నీకు ముందే తెలుసా పెదనాన్నా?"

"తెలుసు. నాన్న పోయేముందు చెప్పాడు. దాని పేరు కూడా చెప్పాడు. అయితే ఏటంటావు? వంశవృక్షం ఫ్లెక్సీ మీద రాయించమంటావా? మనవడికి మంచి సంబంధం కుదిరింది. వాళ్ళ ముందు తల ఎక్కడ పెట్టుకోను? ఆ వీడియో తీసెయ్."

దాని పేరు అన్నాడు, సొంత నాన్నమ్మని పట్టుకుని. ఇంట్లో ఏ పెళ్ళయినా ముందు సాష్టాంగపడేది ఆవిడకే. దణ్ణానికి పనికొచ్చిన మనిషి చెప్పుకోడానికి పనికిరాలేదు. ఆయన పక్కన కూర్చోడానికే నాకు అసహ్యం వేసింది. వీడియో తీసెయ్యలేదు. ఇంటికి వెళ్ళగానే అత్తకి చూపించి, కారులో మాటలు కూడా చెప్పాను.

బర్మా సంగతి అత్తకి పట్టనే లేదు. "అయితే అన్నయ్యకి పేరు తెలుసన్నమాట" అంది.

పెదనాన్న కాశీబుగ్గ కల్యాణమండపంలో మా వంశంవాళ్ళ ఆత్మీయ సమ్మేళనం పెట్టాడు. గోడంత వంశవృక్షం ఫ్లెక్సీ. ముత్తాత పేరు కింద 'వ్యాపార నిమిత్తం రంగూన్ ప్రయాణం' అని రాయించాడు. వీపు మీద బస్తాలు మోసే వ్యాపారం! పక్కన భార్య స్థానంలో ఏదో అమ్మవారి పేరు పెట్టి, గోదావరి ఆడపడుచు అని కూడా చేర్చాడు. లేని మనిషికి ఫొటో ఉండదు కాబట్టి కలశం బొమ్మ వేయించాడు. చుట్టాలందరూ ఆ కలశం పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. బఫే బాగుందన్నారు.

అత్త అదంతా నాచేత చదివించుకుంది.

"ఓపాలి దారిలో ఒగ్గీసినారు. ఇక్కడా ఒగ్గీసినారు" అంది. భోజనం చెయ్యకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

మనవడి పెళ్ళి వచ్చింది. ఎంత దివాన్ల వంశమైనా పేరంటాలిని మానెయ్యడానికి పెదనాన్నకి గుండె చాల్లేదు. పరువు గోదావరిది గాని భయం మాత్రం మా ఇంటిదే. హాల్లో వియ్యాలవారు కూర్చుని ఉన్నారు. వెనక గదిలో గోడకి పసుపు పూశారు, దీపం పెట్టారు, అన్నం వడ్డించారు. పెదనాన్న చీర ఉన్న పళ్ళెం అత్త ముందుకి జరిపాడు. అత్త చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

"పేరు సెప్పన్నయ్యా."

"ఏ పేరు?"

"నీకు తెలుసు."

"ఇప్పుడా? బయట వియ్యాలవారున్నారే!"

"ఉండనీ. పేరెట్టి పిలు, కట్టుకుంతాను. నేకపోతే ఈ సీర నువ్వే కట్టుకో."

పెళ్ళికొడుకుని చేసే వేళ దాటిపోతోందని బయటనుంచి పిలుస్తున్నారు. పెదనాన్న నావైపు కొరకొర చూశాడు. ఎవరు చెప్పారో అర్థమైపోయింది. చూసుకోనీ అనుకున్నాను. వియ్యాలవారికి భయపడాలో, గోడ మీద బొట్లకి భయపడాలో తేలక ఆయన హాలువైపు ఒకసారి, గోడవైపు ఒకసారి తిరిగాడు. చివరికి తలుపు దగ్గరగా వేసి, గోడవైపు వంగి ఏదో గొణిగాడు. పక్కనే ఉన్న నాకే వినపడలేదు.

అత్త లేచి తలుపు బార్లా తీసింది.

"గట్టిగా పిలన్నయ్యా. ఆవిడ సానా దూరం నుంచి రావాల."

పెదనాన్న పిలిచాడు. హాల్లో మాటలు ఆగిపోయాయి. అత్త చీర అందుకుంది.