రవికెకు జేబు

మా ఇంట్లో రహస్యాలు నిలిచేవి కావు. నేను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు కోడలిగా వచ్చేటప్పటికే మా అత్తకు వినికిడి తగ్గింది. పంతొమ్మిది వందల డెబ్బైలు నడుస్తున్న రోజులవి. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆమెను అడగాలన్నా అరవాల్సిందే. నేను అరిస్తే పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి, "ఏం కూర మే ఈ పొద్దు?" అనేది. నేను బడిలో పంతులమ్మను కాబట్టి గొంతుకు కొదవలేదు.

కష్టమల్లా ఆదివారాలతోనే. మా గుడిలో, అంటే చర్చిలో, హార్మోనియం లేదు. ఆడవాళ్ల వైపు ముందు చాప మీద కూర్చున్న ఒకరు పాట ఎత్తితే తక్కినవాళ్లం అందుకోవాలి. పాట ఎత్తడం ఎన్నో ఏళ్లుగా మా అత్త పనే. నేను కాపురానికొచ్చిన ఏడాది, ఒక ఆదివారం, అందరం పాట ముగించాక ఆమె ఒక్కతే కళ్లు మూసుకుని ఇంకో చరణం పాడింది. పిల్లలు నవ్వారు. ఆ నవ్వు ఆమెకు వినిపించలేదు గానీ, కళ్లు తెరిచాక కనిపించింది.

ఆ తర్వాత ఆమె వెనక గోడకు చేరి కూర్చుంది. నోరు విప్పలేదు. ఇంట్లో జొన్నలు చెరుగుతూ కూడా పాడటం మానేసింది. పాట ఎత్తే పని ఎదురింటామె మీద పడింది. మనిషి చాలా మంచిది, పాటే మంచిది కాదు.

నాకు ఒళ్లు మండింది. మా ఆయనతో పోట్లాడి, అత్తను బస్సెక్కించి నంద్యాలకు తీసుకుపోయాను. చెవుల డాక్టరు పరీక్ష చేసి ఒక మిషను ఇప్పించాడు. అరచేతిలో పట్టేంత పెట్టె, దానికొక తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే బిరడా. పెట్టెను బల్ల మీద, బిరడాను అత్త చెవిలో పెట్టి డాక్టరు మీట తిప్పగానే, "అత్తా, వినబడుతోందా?" అని అలవాటుగా అరిచాను.

"ఎందుకట్ల అరుస్తాండావు మే? మెల్లగా అడిగితే పోలే?" అంది.

జేబులో పెట్టుకోవాలని, మీద గుడ్డ కప్పితే ఈల వేస్తుందని డాక్టరు చెప్పాడు. జేబు ఎవరికుంది? మగవాళ్ల చొక్కాలను చూసుకుని చేసినవాడెవడో, చీర కట్టుకునేవాళ్లకు కూడా చెవులుంటాయని వాడికి తోచలేదు.

మా వైపు ఆడవాళ్ల చేతికి విలువైనదేది వచ్చినా పోయే చోటు ఒక్కటే, నడుముకు దోపుకునే వక్కాకు తిత్తి. తాళంచెవి, వక్కలు, సున్నం డబ్బా అన్నీ అందులోనే. నేను చూడకుండా అత్త ఆ పెట్టెను కూడా భద్రంగా అందులోనే పెట్టి, తీగను పైట కిందుగా చెవికి తెచ్చుకుంది. వారం తిరక్కముందే బిరడా పీకేసింది.

"దీంట్లో మనుషులు లేరు మే. అంతా గరగర. అడుగేస్తే కంకర లారీ పోతాండాది."

డాక్టరును తిట్టుకుంటూ బిరడా మళ్లీ ఆమె చెవిలో పెట్టాను. ఆమె వక్క కోసం తిత్తిలో వేళ్లు పెట్టింది, వెంటనే చెవి పట్టుకుని మొహం చిట్లించింది. అప్పుడు చూశాను తీగ ఎక్కడికి పోతోందో. నవ్వు ఆపుకోలేక కూలబడ్డాను.

"ఏందీ నవ్వు?"

"నువ్వు ఇన్నాళ్లూ వక్కల ముచ్చట్లు ఇంటాండావత్తా."

మిగిలిన గుడ్డ ముక్కతో ఆమె రవికెకు జేబు కుట్టాను. "నన్ను కండక్టరును చేస్తాండావా? టికెట్లు యాడ?" అంది గానీ తొడుక్కుంది. ఎసరు ఉడకడం విన్నది, పిచ్చుకల్ని విన్నది, చివరికి నా గొణుగుడు కూడా విన్నది. నేను గొణుక్కోవడం మానుకోవాల్సి వచ్చింది.

ఆదివారం మాత్రం మొండికేసింది. "ఆ పొద్దు నవ్వింది కనపడింది. ఇప్పుడు ఇనపడతాది గూడా."

చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. తల మీదుగా కొంగు లాగి, చెవి, తీగ, పెట్టె అన్నీ కప్పేసుకుని వెనక గోడకు కూర్చుంది. ప్రార్థన మధ్యలో ఆ కొంగు కింద నుంచి కుయ్యిమని ఈల మొదలైంది. పిల్లలు వెనక్కి తిరిగి కిసుక్కుమన్నారు. బడిలో వాళ్ల పని పట్టేదాన్ని నేనే కాబట్టి కళ్లతోనే బెదిరించాను. అత్త నా మణికట్టు పట్టుకుంది. "పోదాం పా మే."

ఆమె నేల మీద చెయ్యి ఆనించి లేవబోతుండగా ఎదురింటామె పాట ఎత్తింది. ఎప్పటిలాగే శ్రుతి ఒక దారి, ఆమె ఒక దారి. అత్త సగం లేచినది ఆగిపోయింది.

"ఇన్నాళ్లూ ఇట్లనే పాడతాండారా?"

చెవిటితనంలో అలవాటైన గొంతు ఇంకా తగ్గలేదు. గుడంతా విన్నది. ఎదురింటామె బతికిపోయినట్టు నోరు మూసుకుంది. అత్త కొంగును తల మీద నుంచి భుజానికి దించేసింది. ఈల ఆగింది. తీగ, రవికె జేబు, అందులో పెట్టె అందరికీ కనిపిస్తుండగా పాటను మొదటి నుంచి ఎత్తింది.

నేనూ అందుకున్నాను గానీ నా ధ్యాస పాట మీద లేదు. ఆమె కళ్లు మూసుకుని పాడుతోంది. చివరి చరణం దగ్గరపడే కొద్దీ నాకు భయం ఎక్కువైంది. ఆఖరి మాట పలికి అందరం ఆగాం.

అత్త కూడా మాతోపాటే ఆగింది.