సత్తయ్య అడిగిన నాలుగు వాక్యాలు

ఫిల్మ్‌నగర్ సెట్ల మీద ఇరవై ఏళ్లు దీపాలు మోసిన లైట్‌మ్యాన్ సత్తయ్య ఇక లేడు. మొన్న మంగళవారం ఉదయం యూసుఫ్‌గూడలోని అద్దె గదిలో గుండె ఆగి పోయాడని అతని పాస్టర్ ఫోన్ చేసి చెప్పారు. ఆదివారమే కలిశాం. ఎప్పటిలాగే "అయిందా సార్?" అన్నాడు. "ఇంకా లేదు సత్తయ్యా" అన్నాను. అతనితో నా ఆఖరి మాట అదే.

సత్తయ్య సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. వేడెక్కిన లైట్లు పట్టుకుని పట్టుకుని మోచేతుల దాకా కాలిన మచ్చలు. ఒకసారి ఒక హీరో వెలుగు కళ్లలో పడుతోందని కిందినుంచి కేకలేశాడు. పైనుంచి సత్తయ్య, "జర ఓపిక పట్టుండ్రి సార్, చీకట్ల నిలబడితే మిమ్ముల ఎవలు చూస్తరు?" అన్నాడు. సెట్టంతా నవ్వింది. హీరో కూడా నవ్వక తప్పలేదు.

ఆ మనిషి నవ్వు మల్లేశం చావుతో పోయింది. జూబ్లీహిల్స్‌లోని ఒక స్టూడియోలో పెళ్లి పాటకు సెట్ వేశారు. సెట్‌కు పైన తాళ్లతో వేలాడదీసిన చెక్కబల్లల మీద లైట్‌మ్యాన్‌లు నడుస్తారు. ఎవరైనా ఎక్కేముందు ప్రతి తాడూ లాగి చూడవలసిన బాధ్యత ఆ జట్టుకు పెద్దయిన సత్తయ్యది. ఆ మధ్యాహ్నం దర్శకుడు తొందరపెడుతుంటే ఒక తాడు చూడకుండానే మల్లేశాన్ని ఎక్కించాడు. ముడి జారింది. అలంకరించిన పెళ్లిమండపం ముందు పడి మల్లేశం చనిపోయాడు. అందరూ చుట్టూ మూగి అడుగుతుంటే సత్తయ్య నోట వచ్చిన మాట: "తాగి ఎక్కిండు సార్." సినిమా వార్తల విలేకరిగా అక్కడే ఉన్న నేను అది రాసుకున్నాను. మర్నాడు మా పత్రికలో నాలుగు వాక్యాల వార్త వచ్చింది, మద్యం మత్తులో లైట్‌మ్యాన్ మృతి అని.

ఆ తరువాత తాగుడు మొదలుపెట్టింది సత్తయ్య. కొన్నేళ్లకు తోటి పనివాడొకడు రేకుల కప్పు చర్చికి తీసుకెళ్లాడు. దేవుడితో సమాధానం, అంటే తెగిన బంధం మళ్లీ కలవడం, మనిషి సంపాదించుకునేది కాదనీ, మన పాపం మెస్సీయ సిలువ మీద తన మీద వేసుకున్నాడనీ అక్కడ విన్నాడు. నమ్మాడు. బాప్తిస్మం తీసుకున్నాడు. తాగుడు మానాడు. కానీ ఆ సిలువ మరణాన్ని తలచుకుంటూ చర్చిలో అందరూ పంచుకునే రొట్టె పళ్లెం దగ్గరకు వస్తే ముట్టకుండా పక్కవారికి అందించేసేవాడు.

"ఏం సత్తయ్యా, క్షమాపణ దొరకలేదా?" అని పాస్టర్ అడిగారట.

"దొరికింది పాస్టర్‌గారూ. దొరికినంకనే అబద్ధం గొంతుల అడ్డం పడుతున్నది."

ఆ వారమే మా ఆఫీసుకు వచ్చి నిజం చెప్పాడు. ఇద్దరం కలిసి కృష్ణానగర్‌లో ఉంటున్న మల్లేశం భార్య బాలమణి దగ్గరకు వెళ్లాం. ఆమె గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. అతను చెప్పిందంతా తలెత్తకుండా విన్నది.

"మీ దేవుడు మాఫ్ చేసిండా సత్తన్నా?"

"చేసిండు చెల్లె."

"నన్ను అడిగి చేసిండా?"

ఆమె చేట పక్కన పెట్టింది.

"నా బిడ్డను బళ్లె తాగుబోతోని బిడ్డ అన్నరు. నేను గూడ నమ్మిన. సచ్చినోణ్ని తిట్టుకుంట బతికిన. పేపర్ల ఏసిన్రు గదా? మల్ల పేపర్ల ఏయించు. అప్పుడు రా." చేట తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

తిరిగి వస్తూ, దేవుడు క్షమించాక ఇంకెందుకీ బాధ అన్నాను. "దేవునితోటి సమాధానం ఆయన చేసిండు సార్. గది నాతోని అయ్యేది కాదు. మల్లేశం పేరు ఖరాబు చేసింది మాత్రం నేనే" అన్నాడు. ఆ ఆదివారం మొదటిసారి రొట్టె తీసుకున్నాడు. సోమవారం సెట్ మీద జట్టు మొత్తాన్నీ నిలబెట్టి నిజం చెప్పాడు. అప్పటినుంచి అతన్ని పనికి పిలిచేవారు తగ్గిపోయారు. ఆ పిలుపుల కోసం అతను ఎవరినీ బతిమాలలేదు.

నేను మాత్రం సంపాదకుణ్ని ఒక్కసారే అడిగాను. "అంత పాత వార్తకు ఇప్పుడు సవరణేంటండీ?" అని ఆయన నవ్వారు. రెండోసారి అడగలేదు. సవరణ వేస్తే నా తప్పు కూడా అచ్చులో కనిపిస్తుందన్న సంగతి నాకు తెలుసు. సత్తయ్యకూ తెలుసనుకుంటాను. అయినా ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ నన్ను కలిసేవాడు, ఏనాడూ నిష్ఠూరమాడలేదు. "అయిందా సార్?" అని మాత్రం అడిగేవాడు.

బుధవారం సమాధి చేశారు. పట్టుమని ఇరవైమంది లేరు. బాలమణి వచ్చింది కానీ గేటు దాటలేదు. అందరూ తలా పిడికెడు మట్టి వేసి వెళ్లిపోతున్నా అక్కడే నిలబడింది. దగ్గరకు వెళ్తే ఒక్క మాట అడిగింది: "ఏసిన్రా?"

సత్తయ్య లాంటి పనివాణ్ని ఈ పరిశ్రమ మళ్లీ చూడకపోవచ్చు. అలా నిజం చెప్పిన మనిషిని నేనైతే చూడలేదు. బతికుండగా అతను అడిగింది ఇప్పుడు ఇస్తున్నాను.

మల్లేశం ఆ రోజు తాగి లేడు. తాడు చూడకుండా అతన్ని పైకి ఎక్కించింది సత్తయ్య. తాగాడని అబద్ధం చెప్పిందీ సత్తయ్యే. ఇంకెవరినీ అడగకుండా దాన్ని అచ్చు వేయించింది నేను.