రేసు కేబులులో కాస్త ఖాళీ

మా మావగారు పోయారన్న కబురు నాకు స్కూల్లో, లెక్కల క్లాసు మధ్యలో తెలిసింది. ఇంటి నుంచి ఫోను వచ్చిందని చప్రాసీ గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. ఆయన అప్పటికే ఆసుపత్రిలో ఉన్నారు కాబట్టి ఫోను ఎందుకో అడగక్కర్లేకపోయింది. అయినా బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తిచేసి మరీ బయటికొచ్చాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు.

కార్యక్రమాలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. టీ పెడతాను, తాగడం మర్చిపోతాను. మడతపెట్టిన బట్టలే మళ్లీ మడతపెడతాను. ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చుని కూడా ఇప్పటికి ఎన్నిసార్లు లేచానో. ఆయన గురించి రాసేటప్పుడు ఇలా ఉండడమే సబబేమో. ఆయన జన్మలో కుదురుగా కూర్చున్న మనిషి కాదు.

ఈ హిందీవాళ్ల ఊళ్లో ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి, క్యాంప్ వన్‌లో కార్మికుల బస్తీలో ఓ ఇరుకు గదిలో కాపురం పెట్టి, చివరికి ఓవర్‌హెడ్ క్రేను ఆపరేటరుగా రిటైరయ్యారు. ఆ తర్వాత ప్లాంటు వాళ్లు రుఆబాంధాలో మా ఆయనకిచ్చిన క్వార్టర్లో అందరం కలిసి ఉన్నాం. రిటైరయ్యారన్న మాటే గానీ ఆయన ఒంట్లోంచి డ్యూటీ దిగలేదు. అన్నం తింటూ మధ్యలో లేచి గేటు గడియ చూసొచ్చేవారు. కారని కుళాయికి వాషరు మార్చేవారు. “ఓ గడియ కూకోండి. మిమ్మల్ని సూస్తే నా కాళ్లు లాగుతున్నాయి” అని మా అత్తగారు విసుక్కునేవారు.

ఇంట్లో ఓ పాత గేరు స్కూటరు ఉండేది. మా ఆయన మోటారుసైకిలు కొన్నాక అది మూలపడింది. ఆ రోజుల్లోనే నాకు ఊరి చివర మరోదా అవతల ఈ స్కూల్లో ఉద్యోగం వచ్చింది. బస్సు అటు వెళ్లదు. మా ఆయనవి షిఫ్టులు. స్కూటరు నడిపితేనే ఉద్యోగం, లేకపోతే లేదు. పెళ్లయినప్పటి నుంచి నా బీఎడ్డు ట్రంకుపెట్టెలో కలరాఉండల వాసన కొడుతూ పడి ఉంది. ఆ ఉద్యోగం నాకెంత కావాలో అందులోంచి కాగితాలు తీసిన నాడు నా మొహం చూసినవాళ్లకే తెలియాలి. చూసింది మావగారు. మర్నాడే స్కూటరు బయటికి తీసి తుడవడం మొదలుపెట్టారు.

నడపడం ఆయనే నేర్పారు. “క్లచ్చి బేగి ఒగ్గీకమ్మా. దాన్ని బుజ్జగించి ఒగ్గాల.” గబుక్కున వదలకూడదని, ఇదొక్కటే పాఠం. మిగతా ఓపికంతా ఆయన రేసు కేబులు మీద పెట్టారు. హ్యాండిలు కుడిపిడి తిప్పితే ఆ కేబులులోని సన్నటి తీగ లాగుకుని ఇంజను వేగం పెరుగుతుంది. పాతబడ్డ తీగ సాగుతుంది. అప్పుడు పిడి కాస్త ఊరికే తిరిగాక గానీ బండి కదలదు. ఆ ఖాళీని మెకానిక్కులు ప్లే అంటారు. మావగారు బద్ధకం అనేవారు.

“మనం సెప్పాల, అది ఆలోసించుకోవాల, అప్పుడు కదలాల. ఇదేటి, బండా, ఆఫీసులో పెద్ద గుమస్తావా?”

ఆయన కోపం ఊరికే వచ్చింది కాదు. ఉద్యోగమంతా కరిగిన ఉక్కు నిండిన బకెట్లను మనుషుల నెత్తిమీదుగా నడిపిన మనిషి. చెయ్యి కదిలాక బరువు ఆలస్యంగా కదిలితే కింద ఏమవుతుందో ఆయనకు తెలుసు. అందుకని కేబులులో చుక్కచుక్కగా నూనె పోసి, కార్బొరేటరు దగ్గరి మర బిగించి, పిడి తిప్పి చూసి, మళ్లీ బిగించేవారు. సంతృప్తి ఉండేది కాదు. ఓ ఆదివారం పూర్తిగా ఖాళీ లేకుండా చేసి నా చేతికిచ్చారు.

“ఇప్పుడు సూడు. నువ్వు అనుకుంటే సాలు, ఎల్లిపోద్ది.”

నిజంగానే వెళ్లింది. నాకు ఎగిరినంత సంబరమైంది. మర్నాడు స్కూలుకు వెళ్తూ దారిలోని సర్కిల్ దగ్గర వేగం తగ్గించి హ్యాండిలు బాగా వంచాను. బండి దానంతటదే గొంతు పెంచి ముందుకు దూకింది. నేను గట్టుకు కొట్టుకుని మురుగుకాలవలో పడ్డాను. పక్కన కూరలమ్మే ఆమె నన్ను లేవదీసి, “జాదా లగిస్ కా దీదీ?” అని, దెబ్బ గట్టిగా తగిలిందేమో కనుక్కుంటూ కొంగుతో నా మొహం తుడిచింది. ఎడమ మణికట్టుకు కట్టు వేశారు.

నొప్పి కంటే ఇంట్లో మాటలే ఎక్కువ బాధపెట్టాయి. “ముందే సెప్పేను. ఆడాళ్లకి గేరు బండేటి? బేచ్ దేంగే, ఖతమ్” అంటూ బండి అమ్మకానికి పెట్టారు మా ఆయన. నన్ను చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరూ ఆడవాళ్ల కంగారు గురించి ఏదో ఒకటి చెప్పి టీ తాగి వెళ్లారు. నాకూ అదే నిజమనిపించింది. భయపడి నేనే పిడి తిప్పేశానేమో. స్కూలుకు సెలవు చీటీ పంపించి, మళ్లీ వెళ్లనన్న సంగతి మాత్రం రాయలేకపోయాను.

మావగారు మాత్రం వరండాకీ స్కూటరుకీ మధ్య తిరిగారు. స్టార్టు చేసేవారు, ఆపేవారు. ఓ మధ్యాహ్నం ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచి ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన చాలాసేపు లోపలికి రాలేదు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నారు.

సాయంత్రం బండి కొనడానికి మా ఆయన స్నేహితుడొకాయన వచ్చాడు. మావగారు నన్నూ అత్తగారినీ కూడా బయటికి రమ్మన్నారు. బండి స్టాండు మీద పెట్టి స్టార్టు చేశారు. రెండు చేతులూ పైకెత్తి అందరికీ చూపించారు. తర్వాత ఒక్క వేలితో హ్యాండిలును పక్కకు నెట్టారు. పిడి మీద ఎవరి చెయ్యీ లేదు. బండి గుండెలవిసేలా అరిచింది.

“సూసేవా?” అన్నారు కొడుకుతో. “పిల్ల తిప్పలేదు. హ్యాండిలు తిరిగితే తీగ దానికదే లాగీసింది. సుక్క ఖాళీ లేకుండా బిగించింది నాను. తప్పు నాది.”

“పోనీ నాన్నా, జో హువా సో హువా. అయిందేదో అయింది, ఇప్పుడెందుకు అవన్నీ...”

“ఎందుకేటి? మీరందరూ పిల్లని అంటుంటే నాను ఇన్నాను గదా.” “క్రేనులో పిడి మేకు కొట్టినట్టు ఒక్కసోటే ఉంటది. బండికి మెడ తిరుగుతాదన్న సంగతే నాకు తోసలేదు.”

కొనడానికొచ్చినాయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నేను లోపలికి వెళ్లి కుళాయి విప్పుకుని ఏడ్చాను. ఆ మధ్యాహ్నమే ఆయన ఆ మరను కాస్త వదులు చేసేసి ఊరుకోవచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. నాకైతే అసలే తెలిసేది కాదు, జీవితాంతం నన్ను నేనే తిట్టుకుంటూ ఉండేదాన్ని. నేనీరోజు టీచర్నని చెప్పుకుంటున్నానంటే అది ఆయన అలా ఊరుకోలేకపోవడం వల్లే.

కట్టు విప్పాక ఆయన హ్యాండిలును ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూసుకుంటూ కేబులుకు ఖాళీ ఇచ్చారు. ఆ ఖాళీ ఇస్తున్నంతసేపూ పన్ను నొప్పి ఉన్నవాడిలా మొహం పెట్టారు. తర్వాత వెనక సీటు తుడిచి తనే ఎక్కి కూర్చున్నారు.

“సర్కిల్‌కి పోనీయమ్మా.”

“మీరు నడపండి మావయ్యా, నేను వెనక కూర్చుంటాను.”

“నాను నడిపితే నీ బయ్యం పోద్దేటి?”

పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. సర్కిల్ దగ్గర హ్యాండిలు వంచాను. బండి ఏమీ అనలేదు. ఇంకో చుట్టు తిప్పాను. అటునుంచి కూడా తిప్పాను. కూరలమ్మే ఆమె తక్కెడ ఆపి మమ్మల్నే చూస్తోంది. ఒకరి వెనక కూర్చోవడం తెలియని ఆ మనిషి నా వెనక కూర్చున్నారు. మా నీడ మాతోపాటు రోడ్డు మీద తిరుగుతోంది. అందులో నా భుజం పక్కనుంచి ఆయన కుడిచెయ్యి గాల్లోకి చాచి ఉంది. పిడికిలి బిగించి, లేని పిడిని మెల్లగా తిప్పుతోంది.