నలభై ఒకటో లైను

ముందే చెప్పుకుంటాను. నేను చదివింది ఐదో తరగతి, అది కూడా పూర్తిగా కాదు. ఉలి పట్టినప్పుడు వణకని చేయి పెన్ను పడితే వణుకుతోంది. అక్షరాలు తప్పులు పోతాయి, వరస కూడా తప్పవచ్చు. రాయి మీద తప్పు పోతే దిద్దడానికి లేదు. కాగితం మీది తప్పులు మీరే దిద్దుకుని చదవండి.

నంద్యాల కొత్తగా జిల్లా అయిన ఏడాది, ఎండాకాలం. అప్పుడు నేను ఆళ్ళగడ్డలో ఒక శిల్పాల కార్ఖానాలో మిషన్ ఆపరేటరుగా ఉన్నాను. కార్ఖానాలో అందరికంటే పైన స్థపతి. మా స్థపతి పేరు వీరాచారి, కార్ఖానా కూడా ఆయనదే. కొలతలు వేసేది ఆయన, చివర్లో విగ్రహానికి కండ్లు తెరిచేది ఆయన. ఆయన కింద చెక్కేవాళ్ళు, వాళ్ళ కింద పాలిషు వాళ్ళు. నేను ఇరవై ఏళ్ళు చెక్కేవాళ్ళలో ఉన్నాను. మిషన్ వచ్చినప్పుడు దాని దగ్గర నిలబడడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నేను నిలబడ్డాను. అదే నా ఉద్యోగం అయింది.

మిషన్ సంగతి కొంచెం చెప్పాలి. కంప్యూటరు చెప్పినట్టు ఒక వజ్రపు బిట్ తిరుగుతూ రాయిని తొలుస్తుంది. విగ్రహం రూపు దాదాపు వచ్చేదాకా మిషన్ పని, ఆ పైన ఉలి పని. మిషన్‌కు కండ్లు లేవు. రాయి ఎంత లోతులో ఉందో మనమే చూపించాలి. రాయి అంచున చెక్కకుండా వదిలిన చోట ఒక ఇత్తడి బిళ్ళ పెడతాం. బిట్ మెల్లగా దిగి బిళ్ళను తాకి ఆగుతుంది. బిళ్ళ మందం ఎంతో దానికి ముందే తెలుసు కాబట్టి, రాయి తనకు అంత కింద ఉందని లెక్క కట్టుకుంటుంది. ఆ మందం సెట్టింగుల ఫైలు అనేదాంట్లో రాసి ఉంటుంది. మా బిళ్ళ ఆరు మిల్లీమీటర్లు. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. అందుకని పైనుంచి లైన్లు లెక్కపెట్టి గుర్తు పెట్టుకున్నాను. నలభై ఒకటో లైను చివర 6 ఉండాలి.

చాగలమర్రి పక్క పల్లెవాళ్ళు నల్లరాయిలో అమ్మవారి విగ్రహం చేసిమ్మని చెప్పారు. ప్రతిష్ఠ ముహూర్తం పెట్టుకుని వచ్చారు. మొదటి దఫా కోత అయిపోయింది, మోటుగా ముఖం తెలుస్తోంది. రెండో దఫా, అంటే సన్నపు కోత, మొదలు పెట్టాల్సిన రోజు మా పాత కంప్యూటరు ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు.

నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసే అంగడి నడిపే పర్వీన్ కొత్త కంప్యూటరు తెచ్చింది. మిషన్ నడిపే ప్రోగ్రాం ఎవరూ అమ్మేది కాదు. దాన్ని ఎట్ల చేశారో మొత్తం బయట పెట్టి ఉంటారు, ఎవరైనా తీసుకుని తమ కంప్యూటరులో తామే తయారు చేసుకోవచ్చు. ఆ తయారు చేయడాన్నే బిల్డ్ చేయడం అంటారు. పర్వీన్ ముందు నంద్యాలలో తన ల్యాప్‌టాపులో బిల్డ్ చేసి చూసుకుంది, బాగా నడిచింది. అది విండోస్. మాకు తెచ్చిన కంప్యూటరులో ఉన్నది లినక్స్. దాంట్లో మళ్ళీ మొదటినుంచి బిల్డ్ చేసింది. అది కూడా చక్కగా మొదలైంది.

పాత సెట్టింగుల ఫైలు నా పెన్ డ్రైవులో ఉంది. పాత కంప్యూటరులో అది ప్రోగ్రాం పక్కనే, ఒకే ఫోల్డరులో ఉండేది. కొత్తదాంట్లో కూడా అట్లే పక్కన పెట్టి పర్వీన్‌కు చూపించాను. సరేనంది. తెరిచి లైన్లు లెక్కపెట్టాను. నలభై ఒకటో లైను చివర 6. ఆమె మధ్యాహ్నం బస్సుకు పోయింది.

నేను బిళ్ళ పెట్టి, బిట్ తాకించి, బిళ్ళ తీసి, పచ్చ బటన్ నొక్కాను.

రాయిని తొలిచే చప్పుడు నాకు ఇంట్లో మనిషి గొంతులాగా తెలుసు. ఆ రోజు వచ్చింది ఆ చప్పుడు కాదు. బిట్ రాయిని గీరడం లేదు, రాయిలోకి దిగుతోంది. ఎర్ర బటన్ నా చేతికి జానెడు దూరంలో ఉంది. చేయి లేవలేదు. కండ్ల ముందు కిరీటం అంచు పోయింది, నొసలు పోయింది, ముక్కు మొదలు దాకా వేలు పట్టేంత గాడి పడింది. అప్పుడు బిట్ విరిగింది. ఆ తరువాత నొక్కాను.

చెక్కేవాళ్ళు ఉలులు ఆపారు. బిట్ చల్లబడడానికి పారే నీళ్ళతో నల్లటి బురద విగ్రహం ముఖం మీదుగా కారుతోంది. పాలిషు చేసే నాగమ్మ ఒక్కతే నోరు తెరిచింది.

“ఉలికి లేని కోపం మిషన్‌కు ఉండాదే. ముక్కు మీదనే జూపిచ్చె.”

ఎవరూ నవ్వలేదు. వీరాచారి వచ్చి గాడిలో వేలు పెట్టి చూశారు.

“యాడ పెట్టుకున్యావప్పా కండ్లు?”

“ఆరే ఉండాది సామీ. నేను జూసినా.”

“ఆరుంటే ఇట్లెట్లయితాది?”

విరిగిన విగ్రహం పూజకు పనికిరాదు. అంత కొలత రాయి మా కార్ఖానాలో ఇంకొకటే ఉంది. ముహూర్తానికి ఇరవై రెండు రోజులు. మిషన్ లేకుండా ఆ పని కాదు. అసలు కారణం తెలియకుండా రెండో రాయిని మిషన్ కింద పెట్టనని ఆయన అన్నారు. తప్పు నా చేతిదా, మిషన్‌దా అని రేపటికి తేలాలన్నారు. నా చేతిదైతే నేను ఆ పక్కకు రాకూడదని ఆయన అనలేదు. నాకు అర్థమైంది.

మరుసటి రోజు పొద్దున మొదటి బస్సుకే పర్వీన్ వచ్చింది. విగ్రహం ముఖం చూసి తల పట్టుకుంది. ఫైలు తెరిచింది. ఆరు. కొత్త బిట్ వేసి పైకి లేపి, బిళ్ళను గాలిలోనే చేత్తో పట్టుకుని తాకించమంది. తాకించాను. తెర మూలన ఒక అంకె వచ్చింది.

ఇరవై.

“అన్నా, ఫైల్లో ఆరుండాది. ఇదేంది ఇరవై అంటాండాది?”

ఆరు మిల్లీమీటర్ల బిళ్ళను ఇరవై అనుకుంటే మిషన్ పద్నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ దిగుతుంది. గాడి లోతు సరిగ్గా పద్నాలుగు. ఇంకొక సంగతి కూడా అప్పుడే తట్టింది, దాన్ని కాసేపు నోట్లోనే పెట్టుకున్నాను.

పర్వీన్ ఆరును ఏడు చేసి, ప్రోగ్రాం మూసి తెరిచింది. ఇరవై. ఎనిమిది చేసింది. ఇరవై. కంప్యూటరునే ఆపి మళ్ళీ వేసింది. ఇరవై. బిల్డ్ సరిగ్గా కాలేదేమోనని మొత్తం మళ్ళీ బిల్డ్ చేసింది. గంట పట్టింది. ఇరవై. వీరాచారి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

నాకు మా వీధి సంగతి గుర్తొచ్చింది. కరెంటు స్తంభం మీద ఏ ఫీజు ఏ ఇంటిదో తెలియకపోతే ఒకటి పీకి చూస్తాం. దీపం ఆరకపోతే అది ఆ ఇంటి ఫీజు కాదు.

“పర్వీనమ్మా, ఆ ఫైలు పీకేయ్.”

“పీకితే ప్రోగ్రామే లేయదన్నా.”

“లేయకపోనీ. జూద్దాం.”

ఫైలును అక్కడినుంచి తీసి పెన్ డ్రైవులో పెట్టింది. ప్రోగ్రాం తెరిచింది. ఎప్పటిలాగే తెరుచుకుంది. ఏడుపు లేదు, అరుపు లేదు, ఫైలు ఏమైందని అడగలేదు. బిళ్ళ తాకించాను. ఇరవై.

“యా అల్లా,” అని పర్వీన్ కుర్చీలో వెనక్కి వాలింది. “మన ఫైలు దిక్కే జూల్లేదన్నా ఇది.”

అంతసేపు మేము దిద్దుతున్నది మిషన్ ఎన్నడూ తెరవని ఫైలు.

అప్పుడామె, ప్రోగ్రాం లేచేటప్పుడు ఏయే ఫైలు దగ్గరికి పోతుందో వరసగా చూపించే ఆజ్ఞ ఒకటి ఇచ్చింది. తెర నిండా లైన్లు పరుగెత్తాయి. ఫైలు పేరు రూపు నాకు తెలుసు కాబట్టి నేను కూడా వెతికాను. దొరికింది, కానీ వేరే దారిలో. యూఎస్ఆర్ అనే ఫోల్డరు లోపల లోకల్, దాని లోపల ఈటీసీ. అక్కడ అదే పేరుతో ఇంకొక ఫైలు. బిల్డ్ అయినప్పుడు నమూనాగా దానంతట అదే పడిన ఫైలు. పర్వీన్ తెరిచింది, నేను లెక్కపెట్టాను. నలభై ఒకటో లైను చివర 20.

ఆమె చెప్పింది ఇది. విండోస్‌లో ఈ ప్రోగ్రాం తన పక్కనున్న ఫైలు చూసుకుంటుంది. లినక్స్‌లో బిల్డ్ చేసేటప్పుడే ఫైలు దారి దాని లోపల రాసేస్తారు, బిడ్డకు పేరు చెవిలో చెప్పినట్టు. ఆ తరువాత పక్కన ఏం పెట్టినా అది తల తిప్పదు. ఆ దారి ముందే చూసుకోకపోవడం తన తప్పేనని వీరాచారితో అంది.

నోట్లో పెట్టుకున్న సంగతి అప్పుడు చెప్పాను. బిళ్ళ తాకగానే తెర మూలన అంకె పడుతుంది. నిన్న కూడా ఇరవై పడే ఉంటుంది. చూడడం నా పని. ఫైల్లో చూశాను కదా అని తెర వైపు చూడలేదు.

వీరాచారి కుర్చీలోంచి లేచారు.

“చెప్పకపోతే నాకు తెలుస్తాండెనా?”

“లేదు సామీ.”

“అయితే నువ్వే నిలబడు. బేగా రాయెత్తండప్పా.”

పర్వీన్ మా ఫైలును ఆ దారిలో పెట్టింది. బిళ్ళ తాకింది. తెర మూలన 6 పడింది. ముగ్గురం గట్టిగా చదివాం. రెండో రాయి మీద మొదటి కోత నడిచినంతసేపు నా అరచేయి ఎర్ర బటన్ మీదే ఉంది. చప్పుడు నాకు తెలిసిన చప్పుడే. విగ్రహం ముహూర్తానికి రెండు రోజుల ముందు లారీ ఎక్కింది.

మొదటి రాయికి కండ్లు తెరవలేదు కాబట్టి అది ఇంకా రాయేనని వీరాచారి అన్నారు. వెనక వైపు నుంచి ఒక పలక కోయించి మిషన్ పక్కన పెట్టించారు. కంప్యూటరు మారినా, ప్రోగ్రాం మారినా, చివరికి ఒక ఫైలు జరిగినా, మొదటి కోత ఆ పలక మీద వేసి లోతు కొలిచిన తరువాతే అసలు రాయి. దుమ్ము దగ్గు వచ్చి నేను పని మానేనాటికి పలక మీద ఖాళీ చోటు కొంచెమే మిగిలింది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటే. ఫైల్లో ఏముందో చూడడం వేరు, మిషన్ ఏ ఫైలు చూస్తోందో తెలుసుకోవడం వేరు. రెండోది తెలియకపోతే మొదటిదానికి విలువ లేదు. మిషన్ మౌనంగా ఉందంటే అంతా సరిగ్గా ఉందని కాదు.

రాసింది రెండుసార్లు చదువుకున్నాను. నాకు తప్పులు కనబడలేదు. కనబడలేదంటే లేవని కాదు. మీకు కనబడినవాటిని మన్నించండి.